బోర్లా పడుకున్న గులాబీలు

ఈ దేశానికి మెర్దెకా, తెల్లవాళ్ళ నుంచి స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది మా తోట దొర ఇంగ్లండు వెళ్ళిపోతూ తన తివాచీని నాన్నకు ఇచ్చేశాడు. బాగన్ దాతుక్ దగ్గరి ఆ కొబ్బరితోటలో నాన్న కిరాణి, అంటే దొర చెప్పింది రాసే గుమాస్తా. తివాచీ బాగా పాతదట. ఐరోపా వాళ్ళ గులాబీ గుత్తుల్ని చూసి కాకసస్ కొండల్లో ఎవరో నల్ల ఉన్ని మీద నేశారట. దొర ఈ సంగతి నాన్నకు ఒకసారి చెప్పాడు. నాన్న మాకు పదిసార్లు చెప్పాడు.

అడవిలో దాగిన కమ్యూనిస్టు తిరుగుబాటుదార్ల మీద సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా పోలేదు. చుట్టిన తివాచీలో అడవిలోని వాళ్ళకు బియ్యం పోతోందేమోనని కంచె దగ్గర కాపలావాళ్ళు విప్పి చూశారు. అలా మా ఇంటికన్నా ముందు గులాబీలు పోలీసు పోస్టులో పూశాయి.

ఆదివారం టీకి వచ్చి, మా ఇంట్లో పరిచి ఉండగా చూసి వెళ్తానన్నాడు దొర. నాన్నను పెద్ద కిరాణిగా చేయమని కొత్త మేనేజరుకు ఉత్తరం కూడా అప్పుడే తెస్తానన్నాడు. నాన్న తివాచీ పరిచాడు. నాన్నమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటిరా ఇది? పూలు తొక్కమంటావా?"

"ఇవి ఉన్ని పూలమ్మా."

"దేనివైతే ఏటి? దేవుడికెట్టే పూలు కాళ్ళకిందెట్టినావు. తీసీ."

"దొర వచ్చేస్తాడమ్మా."

"వస్తే రానీ. ఆడూ తొక్కకూడదు."

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "అత్తా, తిరగేసి పరుద్దాం. పూలు నేలకేసి సూస్తాయి, మన కాళ్ళు ఆటి ఈపుమీద పడతాయి."

నాన్నమ్మ ఆలోచించి, "ఈపే గదా, సర్లే" అంది.

తివాచీతోపాటు నాన్నా తలకిందులయ్యాడు. బోర్లా పరిచిన తివాచీని చూస్తే దొర, ముఖమేదో వీపేదో తెలియనివాడు పెద్ద కిరాణి ఎలా అవుతాడనుకోడూ?

దొర వచ్చాడు. చూశాడు. టీ కప్పు పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు ఆనించేంత వంగి ముడులు పరిశీలించాడు. పాత తివాచీ పనితనం వెనకవైపే తెలుస్తుందనీ, అలా తిప్పి చూపించిన మనిషి ఈ దేశంలో నాన్న ఒక్కడేననీ అన్నాడు. నాన్న వినయంగా తల వంచుకున్నాడు. నేను నిజం చెప్పబోయేసరికి అమ్మ నా నోట్లో బిస్కెట్టు కుక్కింది.

నాన్నమ్మ వంగిన దొరను చూసి, "దొరకి బుద్ధున్నాది. పూలకి దణ్ణం పెట్టినాడు" అంది.

ఉత్తరం చేతికొచ్చింది, పదవీ వచ్చింది. ఆ రోజు నుంచి పెద్ద కిరాణిగారు తన ముందుకొచ్చిన ఏ కాగితాన్నయినా ముందు వెనక్కి తిప్పి, కాసేపు గంభీరంగా చూసి, ఆ తర్వాతే చదివేవారు.