మూడో టర్బో

కాశీబుగ్గలో షాలేమ్ రాజు చేత ఏదైనా బాగుందని అనిపించడం ఎవరి తరమూ కాదు. ఎండ కాస్తే ఎండంటాడు, వాన పడితే బురదంటాడు. ఆదివారం ప్రసంగం పొడుగైతే సణుగుతాడు, పొట్టిగా ముగిస్తే పాస్టరుగారు సిద్ధపడి రాలేదని సణుగుతాడు. అలాంటి మనిషి మనసుకు నచ్చింది ఈ లోకంలో ఒక్కటే, తన తెల్ల అంబాసిడర్. దాని మీదా సణిగేవాడు గానీ ఆ సణుగుడు వేరు. తల్లి బిడ్డని తిట్టుకుంటున్నట్టు ఉండేది.

టెక్కలిలో లారీ క్లీనరుగా మొదలైన బతుకు అతనిది. డ్రైవరై, ఊరూరూ తిరిగి, చివరికి ఎవరో వదిలించుకుంటున్న ఈ కారుని కొన్నాడు. దాని పెట్రోలు ఇంజను అప్పటికే ముసలిది. దాన్ని పీకించి, హైవే మీద బోల్తాపడిన ఒక వ్యాను తాలూకు డీజిల్ ఇంజను పెట్టించాడు. ఆ ఇంజనుకి టర్బో ఉంది. బయటికి పోయే పొగ తోపుకే గిర్రున తిరుగుతూ, ఇంజనుకి గాలి ఊదే అరచేతిలో పట్టేంత చక్రం అది. అది తిరిగినంతసేపూ ముసలి కారు కుర్రకారులా పరుగెత్తేది. అది పాడైతే మాత్రం నల్లపొగ కక్కుతూ సైకిళ్ళకి దారిచ్చేది.

రెండువేల ఆరు వచ్చేసరికి ఆ కారుకి అన్నిటికంటే ముఖ్యమైన పని ఒకటుంది. మామగారు వరప్రసాదుని వారానికి రెండుసార్లు అక్కుపల్లి నుంచి విశాఖపట్నం తీసుకెళ్ళి, డయాలసిస్ చేయించి, తిరిగి ఇంట్లో దింపాలి. ఉద్దానంలో ఆ కిడ్నీ రోగం ఎవరింటి తలుపు ఎందుకు తడుతుందో తెలీదు. పడవలు బాగుచేసుకుని బతికిన వడ్రంగి వరప్రసాదు తలుపూ తట్టింది. మొదట్లో రైల్లోనే వెళ్ళొచ్చేవాడు. ఒకనాడు తిరుగు ప్రయాణంలో కిక్కిరిసిన పెట్టెలో పక్కనున్న కొత్త పెళ్ళికూతురి చీర మీద వాంతి చేసుకున్నాడు. పెళ్ళివాళ్ళు లేచి దూరంగా వెళ్ళి నిలబడ్డారు, అంతే. పలాసలో దిగాక ఆయన, "ఇక రైలెక్కను అల్లుడూ. ప్రభువు పిలిస్తే ఇంటి కాడినుంచే ఎల్తాను," అన్నాడు. మాటంటే మాటే అనే మనిషి. అద్దె కార్లవాళ్ళు సీటు పాడవుతుందని రోగిని ఎక్కించుకోవడం మానేశారు. కాబట్టి అంబాసిడర్ తిరిగితేనే వరప్రసాదుకి ఊపిరి.

ఆ కారుకొక చిన్న జబ్బు ఉండేది. ఇంజను నుంచి టర్బోకి ఆయిలు తీసుకెళ్ళే సన్న పైపు ఒకటి ఉంటుంది. అది ఇంజనుకి బిగించిన చోట ఆయిలు చుక్క కారేది. ఒక్క చుక్కే. కానీ షాలేమ్ రాజుకి సణగడానికి చుక్క చాలు. అక్కుపల్లి వచ్చిన ప్రతిసారీ బానెట్ ఎత్తి, "సూడండి మావయ్యా, మళ్ళీ కారతంది. పానం తీసెత్తంది," అనేవాడు. మామగారు మంచం మీద నుంచి వింటూ ఉండేవాడు.

ఒకరోజు చూస్తే చుక్క కారడం ఆగిపోయింది. తన మెకానిక్కు పోలారావే బిగించి ఉంటాడనుకుని, షెడ్డుకెళ్ళి భుజం తట్టాడు. పోలారావుకి తాను బిగించినట్టు గుర్తులేదు. అయితే షాలేమ్ రాజు నోట మెప్పు జన్మకొకసారి దొరికే వస్తువు, కాదనడానికి మనసొప్పలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

కొన్ని వారాలకి టర్బో ఈలలేయడం మొదలుపెట్టింది. ఈల కాస్తా ఏడుపైంది, ఏడుపు కాస్తా నీలిపొగైంది. పోలారావు విప్పి, చక్రాన్ని వేలితో ఊపి చూసి, "పోనాది బావా. ఇంకోటి సూసుకో," అన్నాడు.

చూసుకో అన్నంత సుళువా? ఆ వ్యాన్లు ఈ దారిలో తిరగడం తగ్గిపోయింది, వాటి సామాన్లూ దొరకవు. షాలేమ్ రాజు విశాఖలో పాత సామాన్ల కొట్లన్నీ ఎక్కి దిగి, అచ్చం అదే సైజుది ఒకటి తెచ్చాడు. అది నెల తిరక్కుండానే చచ్చింది.

ఇక ఊరందరూ పండితులైపోయారు. టీకొట్టు సన్యాసయ్య కొత్తదే కొనాల్సిందన్నాడు. పోలారావు, "నువ్వు తెచ్చింది సన్నది బావా. లారీది ఏత్తే తాతల నాటికి ఉంటాది," అన్నాడు. అందరికంటే గట్టిగా చెప్పింది మామగారు. "పెద్దదే ఎయ్యాల అల్లుడూ. చెక్కయినా ఇనుమైనా బలం లావులోనే ఉంటాది." పడవ చెక్కకీ టర్బోకీ సంబంధమేమిటో షాలేమ్ రాజుకి అర్థం కాలేదు. పెద్దాయన, పైగా పిల్లనిచ్చిన మామ. పళ్ళు కొరుక్కుని లారీదే వేయించాడు.

పెద్ద చక్రం తిరగాలంటే పొగ కూడా పెద్దదే కావాలి. అంబాసిడర్ దగ్గర అంత పొగ ఎక్కడిది? టర్బో టెక్కలి దాటేదాకా నిద్రపోయేది. తీరా ఎదురుగా బస్సొస్తున్నప్పుడు ఉలిక్కిపడి లేచి, కారుని ఆ బస్సు మీదికే తోసేది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అదీ ఎంతోకాలం నిలవలేదు. నిమ్మాడ దగ్గర రోడ్డు మీద ఏడ్చి ఏడ్చి ఆగిపోయింది. ఆ రోజు ఆస్పత్రి వంతు తప్పిపోయింది. వరప్రసాదు పాదాలు పొంగి చెప్పులు పట్టలేదు. ఆయాసపడుతూనే, "ఇంకా పెద్దది దొరకదేటి?" అని అడిగాడు. షాలేమ్ రాజుకి తలప్రాణం తోకకొచ్చింది. ఆయన ఆయాసం చూసి వచ్చే భయం ఒకవైపు, ఆయన మాట విని వచ్చే కోపం ఒకవైపు.

ఆ వారం మామగారిని ఒక చేపల వ్యానువాడి కాళ్ళావేళ్ళా పడి విశాఖ చేర్చారు. ఇలా ఎన్నాళ్ళు? షాలేమ్ రాజు ఏ దారీ తోచక జగదీష్ ఇంటర్నెట్టు సెంటర్లో కూర్చున్నాడు. జగదీష్ ఏదో విదేశీ కార్ల పిచ్చివాళ్ళ పేజీ తెరిచి చదివాడు.

"టర్బో ఎంచుకునే ముందల, నీకు ఎంత హార్సుపవర్ కావాలో తేల్చుకోమంటన్నారు మావా."

"మా మావయ్యని వైజాగు తీసుకెల్లి తేవాల. దానికి ఎంత కావాలో అడుగు."

"రేసుకా, రోడ్డుకా అంటన్నారు."

"డయాలసిస్సుకని సెప్పు," అని లేచొచ్చేశాడు.

చివరికి విశాఖలోనే ఇంకో కొట్టువాడి దగ్గర సరిపోయేలాంటి చిన్న టర్బో దొరికింది. అయితే దాని ఆయిలు రంధ్రం పక్కకుంది, పాత పైపు కొలతకి తెస్తే కొత్తది వంచి ఇస్తానన్నాడు కొట్టువాడు. పైపు ఒక కొస టర్బోకి ఉంటుంది, రెండోది ఇంజను వెనకాల ఇరుకులో ఉంటుంది. పోలారావు ఇన్నాళ్ళూ టర్బో వైపే విప్పి బిగించాడు. రెండో కొస ముట్టుకోలేదు.

"కారని జాయింటు ఇప్పకూడదు బావా. మా గురువు సెప్పిన మాట," అన్నాడు ఇప్పుడు కూడా.

షాలేమ్ రాజుకి చిర్రెత్తి, స్పానరు లాక్కుని తనే దూరి విప్పాడు. నట్టు లోపల నల్లగా, జిగటగా దూదిలాంటిదేదో ఉంది. వేళ్ళతో పీకి పారేశాడు. పైపు నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు పొంగాయి గానీ అవతలి నుంచి గాలి సరిగ్గా రాలేదు. మళ్ళీ ఊదాడు. సందేహం లేదు, పైపు పూడుకుపోయింది. ఆయిలు అందకే టర్బోలన్నీ మాడి చచ్చాయి. చిన్నదీ పెద్దదీ అని ఊరంతా చేసిన పాండిత్యం, పుండొకచోట ఉంటే మందింకొకచోట రాసినట్టు అయింది. పూడిందెలాగో మాత్రం తెలీలేదు.

అది మర్నాడు తెలిసింది. లేచేసరికి వేళ్ళ సందుల్లో పొక్కులు, పెదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి. భార్య మగ్దలీన జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే మనిషి. పిక్క తొక్కలోని నూనె తగిలి పొక్కిన చేతులని దీపం పెట్టి చూడక్కర్లేదు ఆవిడకి.

"మీరెప్పుడు పిక్కలు కొట్టారండి?" అంది.

షాలేమ్ రాజు ఆమె మొహంకేసి చూశాడు. ఆమె తండ్రి గుర్తొచ్చాడు. పడవ బీటల్లో నీరు కారకుండా దూదికి జీడిపిక్కల నూనె పట్టించి కూరడం ఆయన జీవితమంతా చేసిన పని. ఆ నల్లనూనె వేడి తగిలితే రాయిలా గట్టిపడుతుంది. పడవకి అదే కావాలి. సన్న పైపుకి మాత్రం అదే ఉరి.

ఒళ్ళంతా మండిపోతూ అక్కుపల్లి బస్సెక్కాడు. దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నాడు. తీరా గుమ్మంలో నిలబడి నోరు తెరిస్తే, వాచిన పెదాలు పైకి లేవలేదు. జీవితంలో మొదటిసారి గొడవ పెట్టుకోవడానికి అన్ని హక్కులూ ఉన్న రోజున, షాలేమ్ రాజుకి నోరు లేకపోయింది.

"జీడి తగిలిందేటి అల్లుడూ?" అన్నాడు వరప్రసాదు జాలిగా.

షాలేమ్ రాజు పైపు ఆయన ఒళ్ళో పడేశాడు. నల్లటి దూదిపోగు ఇంకా ఒకటి అంటుకుని ఉంది. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కంటికి దగ్గరగా పెట్టుకుని లోపలికి చూశాడు. వెలుతురు కనపడలేదు. నెమ్మదిగా ఆయనకి అర్థమైంది.

"నువ్వు వచ్చినప్పుడల్లా ఆ సుక్క గురించే బెంగెట్టుకునీవోడివి. నా కోసం ఇంత తిరుగుతన్నావు, నానేటి సెయ్యగల్ను నీకు? నాకు వచ్చింది ఆ పనొక్కటే. నువ్వు అన్నం తింతన్నప్పుడు ఇప్పి కూరేసినాను." పైపుని ఇంకోసారి తిప్పి, "అయితే అన్నీ నానే సంపినానన్నమాట," అన్నాడు. పైపు తిరిగి ఇచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ఇక సాల్లే బాబూ. నాను రాను."

తిట్టడానికి వచ్చినవాడు బతిమాలాల్సి వచ్చింది. ఆ పని అతనికి అలవాటు లేదు. పైగా నోరు లేదు. నోరున్నా ఏం చెప్పాలో తెలిసేది కాదు. కోపం ఎటుపోయిందో పోయింది గానీ దాని చోట వచ్చిన భయం అంతకన్నా బరువుగా ఉంది. పైపు తీసుకుని బస్సెక్కి తిరిగొచ్చేశాడు.

కొత్త పైపుతో, తను కొన్నవాటిలో మూడో టర్బో బిగించాక, ఆస్పత్రి వంతు రోజు తెల్లవారుతూనే కారు వరప్రసాదు గుమ్మంలో ఆగింది. ముసలాయన గోడవైపే తిరిగి ఉన్నాడు. లేవలేదు. షాలేమ్ రాజు పిలవలేదు. బానెట్ ఎత్తి, ఇంజను ఆపకుండా, లోపలికి తొంగిచూస్తూ తనలో తాను సణుక్కోవడం మొదలుపెట్టాడు. పెదాల వాపు కాస్త తగ్గింది, సణుగుడు బాగానే వినపడుతోంది.

వడ్రంగి ప్రాణం ఎంతసేపు ఊరుకుంటుంది? కాసేపటికి గోడ పట్టుకుని, పొంగిన పాదాలు ఈడ్చుకుంటూ వరప్రసాదు వచ్చాడు. అల్లుడి పక్కన వంగి చూశాడు. కొత్త పైపు బిగించిన చోట నల్లగా ఒక చుక్క ఊరి, జారి, ఇసకలో పడింది.

"కారతంది అల్లుడూ," అన్నాడు భయంభయంగా.

"కారనీండి మావయ్యా," అన్నాడు షాలేమ్ రాజు. బానెట్ దించి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కండి."