సాంబ్రాణి వెయ్యని పాప

నరసాపురం ప్యాసింజర్‌లో నేనెక్కి కూర్చోగానే, ఎదుటి సీటులోని పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలుపెట్టారు. నా సెంటుకి అందరూ తిరిగి చూస్తారని టీవీ ప్రకటనలో చెప్పారు గానీ, ఇలా చూస్తారని చెప్పలేదు.

“ఏమీ అనుకోకు బాబూ. రొయ్యలు ఒలిచే షెడ్డులో ఏళ్ల తరబడి క్లోరిన్ నీళ్లల్లో చేతులు పెట్టి పనిచేశాను. అప్పట్నుంచీ ఏ ఘాటు తగిలినా ఊపిరాడదు.”

“మరి ఇంట్లో ఎలాగండీ?”

“అదే కదా బాధ. మనవరాలు పుట్టింది గానీ ఇంతవరకూ ఎత్తుకోలేదు. స్నానం చేయించి సాంబ్రాణి పొగేస్తారు కదా, దగ్గరికెళ్తే చాలు, దగ్గు. ఇవాళ మా అమ్మాయి పొగా పౌడరూ మానేసి, రమ్మని ఫోన్ చేసింది. తీరా ఈ దగ్గుతో వెళ్తే పిల్లనెలా ఎత్తుకోనూ?”

భీమవరంలో రైలాగింది. ప్లాట్‌ఫాం మీది కుళాయి కింద మెడా చేతులూ కడుక్కుని, చొక్కా తడిపి పిండి, మళ్లీ అదే తొడుక్కుని తడిసిన కోడిలా వచ్చి కూర్చున్నాను.

ఆవిడ మెల్లగా కొంగు దించి, నిండుగా ఊపిరి తీసుకున్నారు.

“ఇప్పుడు మనిషి వాసనొస్తున్నావు బాబూ,” అని నవ్వారు.

ఇంతవరకూ నా వాసనని మెచ్చుకున్నది ఆవిడొక్కరే. ఆ సెంటు సీసా ఇంకా నిండుగానే ఉంది.