మార్తమ్మ మెడలో ట్యూబు

అది 2022 వానాకాలం. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి మార్తమ్మ డయాలసిస్‌కు వచ్చేది. యాభై దాటిన మనిషి. భర్త ఏసుదాసు బస్సులో వెంట తెచ్చి, అయిపోయేదాకా వరండాలో కూర్చునేవాడు.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో నరాలు కలిపి ఫిస్టులా చేస్తారు. మార్తమ్మకు రెండు చేతుల్లోనూ అది మూసుకుపోయింది. చివరికి మెడ దగ్గరి పెద్ద నరంలో పర్మ్‌క్యాత్ అనే ట్యూబు వేశారు. దాని మీద తడి పడుతుందని తలస్నానానికి కూడా భయపడేది.

ఒకరోజు మిషన్ మొదలైన కాసేపటికే ఆమె పళ్లు కొట్టుకున్నాయి.

"సిస్టర్, జర ఇంకో దుప్పటి కప్పరాదు. బొక్కలల్ల సలి పుడ్తుంది."

మిషన్ ఎక్కగానే చలిజ్వరం వస్తే మేం మొదట అనుమానించేది ట్యూబునే. రక్తం కల్చర్‌కు పంపితే కాండిడా అనే ఫంగస్ పెరిగింది. ఫ్లూకొనజోల్ మందుకు లొంగుతుందని రిపోర్టు. మందు ఇస్తే జ్వరం పోయింది. ఏసుదాసు అరటిపండ్లు తెచ్చి యూనిట్ అంతా పంచాడు. కోర్సు ముగిశాక జ్వరం మళ్లీ వచ్చింది.

ల్యాబ్ చూసే మైక్రోబయాలజీ డాక్టరమ్మ మా పెద్ద డాక్టర్ దగ్గరికి స్వయంగా వచ్చింది. "సార్, ట్యూబు లోపల బయోఫిల్మ్ కట్టింది. ఫంగస్ ప్లాస్టిక్‌కు అతుక్కుని చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. మందు ఆ పొరలోనే చిక్కుకుపోతుంది. లోపల కొన్ని కణాలు నిద్రపోయినట్టుంటాయి, వాటిని మందు ఏమీ చెయ్యదు. మేం ల్యాబ్‌లో పరీక్షించింది విడిగా తిరిగే ఫంగస్‌ను. ట్యూబు తీసేయాలి."

"తీస్తే మళ్లీ ఎక్కడ వేయను? నరాలన్నీ పాడైపోయాయి. మందు పనిచేస్తుందని మీ రిపోర్టే చెప్తోంది కదా. డోసు పెంచుదాం," అన్నారాయన.

ఆయన భయం అబద్ధం కాదు. కానీ కొన్నాళ్లు తొడ నరంలో తాత్కాలిక ట్యూబుతో నెట్టుకురావచ్చని డాక్టరమ్మ అంటే, మాట పూర్తికాకముందే ఫోన్ తీసుకున్నారు.

మళ్లీ జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది. ఈసారి మార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, ఒక కన్నుల అంతా పొగ లెక్క కొడ్తుంది. నీ మొఖం కానొస్తలేదు."

ఫంగస్ కంటికి పాకింది. ఎకో తీస్తే గుండె కవాటం మీద కూడా కనిపించింది. అప్పుడు ట్యూబు తీశారు. దాని కొసను కల్చర్ చేస్తే ల్యాబ్ ప్లేటు నిండా కాండిడా. ఇంకా బలమైన మందులు వేశారు. గుండె ఆపరేషన్‌కు తట్టుకునే శక్తి ఆమెకు లేదు. ఆ వారంలోనే చనిపోయింది.

అంబులెన్స్ ఎక్కే ముందు ఏసుదాసు నన్ను పక్కకు పిలిచాడు.

"మందు పనిచేస్తదని రిపోర్టుల రాసిండ్రంట గద సిస్టర్. మరి ఎందుకు పనిచెయ్యలే?"

"రక్తంలో ఉన్నదాన్ని చంపింది బాపు. ట్యూబుకు అంటుకున్నది చావలే."

"మరి ట్యూబు ముందుగాల్నే ఎందుకు తియ్యలే?"

పెద్ద డాక్టర్ గది తలుపు మూసి ఉంది. ఏసుదాసు అటు చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా యూనిట్‌లో కల్చర్‌లో కాండిడా వస్తే ముందు ట్యూబు తీస్తారు. కొత్త నర్సులకు నేనే నేర్పుతాను: ల్యాబ్‌లో లొంగిన ఫంగస్ ప్లాస్టిక్ మీద లొంగదని. ఇది మేం కనిపెట్టిన సంగతేమీ కాదు. ఎప్పటినుంచో మా పుస్తకాల్లో ఉన్నదే. దాన్ని పాటించడానికి మాకు ఒక శవం కావలసి వచ్చింది.