రెండో లైనులో పిళ్ళయార్

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. ఆ మాట అనాలంటే తల నెరవాలి, మోకాళ్లు నొప్పి పుట్టాలి, పక్కన వక్కాకు పెట్టె ఒకటి ఉండాలి. నాకింకా అంత వయసు రాలేదు. (మోకాళ్ల సంగతి మాత్రం గట్టిగా చెప్పలేను.) కానీ కంప్యూటరు పనుల్లో కాలం పరుగెత్తే తీరే వేరు. మొన్న చేసిన పని ఇవాళ చెబితే పిల్లలు తిరగలిని చూసినట్టు చూస్తారు. అందుకని ధైర్యం చేసి అనేస్తున్నాను. ఆ రోజుల్లో మేము ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను, అంటే యంత్రం చదివే ట్యాగుల భాషను, చేత్తో రాసేవాళ్లం. ఒక్కొక్క ట్యాగూ వడియం పెట్టినట్టు చేత్తోనే పెట్టాలి, ఒకటి వంకరపోతే ఎండలో నిలబడి ఏడవాలి.

తమిళనాడులోని మా రాజపాళయంలో పాత పత్తి వ్యాపారుల కుటుంబం ఒకటి తమ ఇంటి కాగితాలన్నిటినీ ఒక చిన్న ట్రస్టుకు ఇచ్చేసింది. ఉత్తరాలు, ఫొటోలు, పత్తి బేళ్ల మీద అంటించే రంగురంగుల లేబుళ్లు, ఎవరికీ అక్కరలేని పెళ్లి పత్రికలు, అన్నీ ట్రంకు పెట్టెల్లో వచ్చాయి. ఏ పెట్టెలో ఏముందో, అది ఎవరిదో, ఏ వరుసలో ఉందో దూరాన ఉన్నవాళ్లు కూడా వెతుక్కునేలా చెప్పే వివరాన్ని ఫైండింగ్ ఎయిడ్ అంటారు. దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా ట్యాగుల్లో కట్టడం నేర్చుకోవడమే నా మొదటి ఉద్యోగం. అదీ శిక్షణ ఉద్యోగం. చివర్లో మొత్తం ఫైండింగ్ ఎయిడ్ ఒకటి సొంతంగా రాసి పంపాలి. అందులో తప్పుల్లేకపోతే ఉద్యోగం నాది. లేకపోతే మా చిన్నాయన బ్యాండేజి గుడ్డల కొట్లో బిల్లులు కొట్టాలి. చిన్నాయన రెండోదే జరుగుతుందని ముందే తీర్మానించుకున్నాడు.

"ఎందుకే నీకు ఆ దుమ్ము వేలై? కడైలో ఫ్యాను కింద నీకని కుర్చీ కొని పెట్టినాను. మెత్త కూడా వేసినాను. వచ్చి కూచో" అనేవాడు కనపడినప్పుడల్లా. (మా తెలుగులో వేలై అంటే పని, కడై అంటే కొట్టు.) ఆ కుర్చీ నా కలల్లోకి వచ్చేది.

మాకు పాఠం చెప్పే మేడమ్ చెన్నైలో ఉండేది, కంప్యూటరు తెర మీదే మాకు దర్శనం. ఆమె సూత్రం ఒక్కటే: తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి, చివర తెరిచినదాన్ని ముందు మూయాలి. పెట్టెలో సంచి, సంచిలో కవరు, కవరులో ఉత్తరం. కవరు మూయకుండా పెట్టె మూస్తే యంత్రం ఊరుకోదు. చెబితే ఎంత సులువు! నేను కవరును పెట్టె బయట మూసేదాన్ని, పెట్టెను ఉత్తరం లోపల పెట్టేదాన్ని. ఒకసారి కుటుంబం ఫొటోలో ఉన్న కుక్కను మనుషుల పేర్ల ట్యాగులో పెట్టానని మేడమ్ మండిపడింది. "మేడమ్, ఫొటోలో కుర్చీ మీద కూర్చున్నది అదే. ఇంటాయన పక్కన నిలబడి ఉన్నాడు" అని విన్నవించుకున్నాను. (మా ఊరి కుక్కల మర్యాద చెన్నైవాళ్లకు తెలియదు.) అయితే ఈ చదువు వల్ల మా ఇంటికి ఒక మేలు జరిగింది. చిన్నప్పటినుంచి నేను ఊరగాయ జాడీ తెరిచి వదిలేసే మనిషిని, బీరువా తలుపు ఏనాడూ వేసిన పాపాన పోలేదు. పాఠాలు మొదలయ్యాక కనపడినదల్లా మూయడం మొదలుపెట్టాను. "నేను ఇన్నేండ్లు అరిచి అరిచి నేర్పలేనిది ఆ చెన్నై అమ్మ నేర్పినాది, చల్లగా ఉండాల" అని అమ్మ రోజూ దీవించేది.

ఆఫీసులో నాకున్న ఏకైక తోడు స్కానర్ అన్న. సేత్తూరు నుంచి బైకు మీద వచ్చేవాడు, పాత కాగితాలను స్కాన్ చేసేవాడు, ట్యాగుల జోలికి వచ్చేవాడు కాదు. "అది చూస్తే నాకు కండ్లు తిరుగుతాయి పాపా" అనేవాడు. ట్యాగు మొదట్లో ఉండే కోణపు గుర్తుకు ముక్కు గుర్తనీ, చివరిదానికి ముక్కు మూత అనీ పేర్లు పెట్టింది ఆయనే. కానీ నేను తయారుచేసిన ప్రతి ఫైలునూ ఇంటర్నెట్లో తనిఖీ యంత్రానికి ఎక్కించే పని ఆయనదే, జవాబు మెయిలు వచ్చేదీ ఆయనకే. తప్పుంటే ఎర్ర రంగులో, ఒప్పయితే పచ్చ రంగులో వచ్చేది.

చివరికి నా సొంత ఫైలు పూర్తయింది. ట్రంకు పెట్టెలన్నీ అందులో ఒదిగాయి, కుక్కతో సహా. ఎక్కించాం. ఎర్ర మెయిలు వచ్చింది. 'మొదటి లైను, మొదటి అక్షరం. ఇక్కడ ఏమీ ఉండకూడదు' అని దాని సారాంశం. మొదటి లైనంటే 'నేను ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను' అని ఫైలు తన పేరు తాను చెప్పుకునే లైను. దాన్ని తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ ఎరుపు. ప్రశ్న గుర్తు మార్చాను, కొటేషన్ గుర్తులు మార్చాను, కంప్యూటరును ఆపి లేపాను, కుర్చీ దిశ మార్చి కూర్చున్నాను. ఎరుపే. మేడమ్ పండగకని ఊరెళ్లింది, ఫోను ఎత్తలేదు. గడువేమో సరిగ్గా సరస్వతి పూజ నాటి సాయంత్రం అయిదింటికి. ఎక్కడో దూరాన కూర్చుని ఆ తేదీ పెట్టినవాళ్లకు మన పూజ సంగతి ఏం తెలుసు?

పూజ నాడు పొద్దున్నే తలంటి పోసుకుని వచ్చేసరికి నా ల్యాప్‌టాప్ కనపడలేదు. పూజగదిలో ఉంది. మూత మీద మూడు చందనపు గీతలు, నడుమ కుంకుమ, పైన చామంతి దండ. ఒక పక్క నాయన గుడ్డ కత్తిరించే కత్తెర, మరో పక్క చిన్నాయన బిల్లుల యంత్రం. పూజలో పెట్టినదాన్ని మర్నాటి దాకా తాకకూడదు. చదవకూడదు, రాయకూడదు. మా అవ్వ అయితే ఆ రోజు బస్సు బోర్డు చదవడానికి కూడా ఒప్పుకోదు. చిన్నప్పుడు మేము బోర్డు వైపు కళ్లు మూసుకుని, కండక్టరు అరుపు విని బస్సు ఎక్కేవాళ్లం. ఒకసారి మంసాపురం పోవలసినవాళ్లం తళవాయిపురంలో దిగాం.

"అమ్మా, సాయంత్రం లోపల అది పోవాల!" అన్నాను ఏడుపు గొంతుతో.

"పూజలో పెట్టినాక తీస్తారా ఎవురైనా? రేపు తీసుకో."

"రేపటికి నేను చిన్నాయన కడైలో ఉంటానమ్మా!"

హాల్లో సుండల్ గుగ్గిళ్లు నములుతున్న చిన్నాయన తల ఎత్తాడు. "ఫ్యాను కూడా తుడిపించినాను" అన్నాడు ప్రేమగా.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సరస్వతీదేవి మీద కూడా కోపం వచ్చింది. అంతలో స్కానర్ అన్న ఫోను. వాళ్ల ఇంట్లో ఈ పూజ లేదు. ఆయన ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి, ఇంట్లో పిల్లలు ఆటలాడుకునే ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, అందులో నా ఫైలు కూడా ఉంది. "పాపా, ఇంకోసారి ఎక్కించి చూసినాను. మళ్లీ ఎరుపే వచ్చిండాది. ఏం చేద్దాం?" అన్నాడు. నేను అవ్వ వైపు చూశాను. పూలు కడుతున్న అవ్వ తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది: "ఫోను పుస్తకమా ఏంది? అది నోరు. మాట్లాడు."

"అన్నా, ఫైలు తెరిచి మొదటినుంచి ఒక్కొక్క అక్షరం చదువు. నేను వింటాను."

"నేను ఇంగ్లీసు చదివితే నా కొడుకే నవ్వుతాడు. సరి, విను. మొదట మీ చుళి. దాని తర్వాత ముక్కు గుర్తు, ప్రశ్న గుర్తు, ఎక్స్..."

"ఆగన్నా. ఏం చుళి?"

"పిళ్ళయార్ చుళి పాపా. మీ ఇంట్లో అందరూ వేస్తారే, తమిళ ఉ మాదిరి. అదే."

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. ఆంధ్రలో కాగితం పైన శ్రీ రాస్తారు కదా, మా వైపు వినాయకుడి గుర్తుగా పిళ్ళయార్ చుళి వేస్తాం. నాయన సామాన్ల చీటీ మీదా వేస్తాడు, నేను ఇంగ్లీషు పరీక్ష పేపరు మీద కూడా వేశాను. శిక్షణలో ఎప్పుడూ మేడమ్ పంపిన తయారు ఫైలులోనే రాసేవాళ్లం. ఖాళీ ఫైలు తెరిచి నా అంతట నేను మొదలుపెట్టడం ఇదే మొదలు. వేళ్లు వాటంతట అవే పిళ్ళయార్‌ను పిలిచి కూర్చోబెట్టాయి, లైను తుడిచి రాసినప్పుడూ మళ్లీ పిలిచాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా నా కంటికి ఆనలేదు. అది మాకు అక్షరం కాదు, కాగితంలో ఒక భాగం! పూజ పుణ్యమా అని కళ్లు మూసుకుని చెవులతో చదివాను కాబట్టి దొరికింది.

"తీసేయనా మరి?" అన్నాడు స్కానర్ అన్న.

పూలు కట్టే చేతులు ఆగిపోయాయి. "ఏందే తీసేది?" అంది అవ్వ. చెప్పాను. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "సరస్వతి పూజ నాడు పిళ్ళయార్ని తుడిచేస్తావా?" అన్నాడు నాయన, నేనేదో వెలుగుతున్న దీపాన్ని కాలితో తన్నినట్టు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆయన్ని తీస్తే ఇంట్లో ఊరుకోరు, తీయకపోతే యంత్రం ఊరుకోదు.

"అవ్వా, ఆ యంత్రానికి మొదట దాని లైనే ఉండాల. అదే దానికి వాకిలి. వాకిలి బయట ఏముండినా లోపలికి విడవదు" అన్నాను.

అవ్వ పూలు ఒళ్లో పెట్టుకుంది. "అంటే ఆయన్ని వాకిలి బయట నిలబెట్టినావా? ఇన్ని దినాలా? ఎండలో?"

"అవునవ్వా."

"బుద్ధి లేనిదానా! లోపలికి పిలువు. లోపల ఆయనకి చోటు ఉండాదా లేదా?"

ఉంది! రెండో లైనులో కామెంటు పెట్టవచ్చు. అందులో ఏం రాసినా యంత్రం పట్టించుకోదు, ఫైలు తెరిచిన మనుషులకు మాత్రమే కనపడుతుంది. అదే చెప్పాను. "దేవుడింటికి అంతకంటే ఏం కావాల?" అంది అవ్వ.

స్కానర్ అన్న మాత్రం సందేహించాడు. "నేను కదిలిస్తే తప్పు కాదా అవ్వా?" అవ్వ ఫోను లాక్కుంది. "ఇంటికి వచ్చిన పెద్దాయన్ని లోపల కూచోపెట్టేదానికి నీది ఏ గుడి అని అడుగుతారా నాయనా? కదిలించు. మెల్లగా."

నేను గుర్తులు చెబుతూ పోయాను. ముక్కు గుర్తు, ఆశ్చర్యార్థకం, రెండు గీతలు, చుళి, మళ్లీ రెండు గీతలు, ముక్కు మూత. నా గొంతులో ఏం పలికిందో గాని, అమ్మ మంత్రం అనుకుని దండం పెట్టింది. స్కానర్ అన్న ఎక్కించాడు. చిన్నాయన కూడా నమలడం ఆపాడు.

"పచ్చ!" అని ఫోనులో కేక. "పాపా, పచ్చగా వచ్చినాది!" వెనకాల ఆయన పిల్లల ఈలలు. నేను అవ్వను గట్టిగా పట్టుకుని గిర్రున తిప్పేశాను, పూలన్నీ నేల పాలయ్యాయి. అంత సంతోషం నాకు ఆ తర్వాత జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు. నాయన నవ్వాడు, అమ్మ మళ్లీ హారతి వెలిగించింది. చిన్నాయన ఒక్కడే బిక్కముఖం వేసి, "మరి ఆ కుర్చీ?" అన్నాడు. మర్నాడు విజయదశమి. ఆ కుర్చీని స్కూటరు వెనక కట్టుకుని తానే మా ఆఫీసుకు తెచ్చి దింపాడు. సుండల్, పొరి బొరుగులు మూట కట్టుకుని మేమంతా సేత్తూరులో స్కానర్ అన్న ఇంటికి వెళ్లాం.

ఇప్పుడు ఎవరూ ట్యాగులు చేత్తో పెట్టరు. ఖాళీలు నింపితే యంత్రమే ఫైలు తయారుచేసి ఇస్తుంది. నేను మాత్రం పంపేముందు ప్రతి ఫైలునూ తెరిచి రెండో లైనులో ఆయన్ని కూర్చోబెడతాను. సాయంత్రం ఇంటికి పోతే అవ్వ అడిగేది ఒక్కటే: "ఆయన లోపల ఉండాడా?" మొన్న ఒక పెద్ద ఫైలు పంపాను. ఒక్క తప్పూ లేకుండా మొదటిసారే పచ్చగా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, తొందరలో చుళి వేయడం మరిచిపోయానని. మెత్త అరిగిపోయిన చిన్నాయన కుర్చీలో కూర్చుని కాసేపు ఆలోచించాను. ఒకప్పుడు ఒక్క పచ్చ మెయిలు కోసం దేవతలందరికీ మొక్కిన పిల్ల, ఇప్పుడు పాసైన ఫైలును వెనక్కి తెప్పించి, దాన్ని తెరిచి, ఎండలో నిలబడ్డ పెద్దాయన్ని లోపలికి పిలిచి మళ్లీ పంపింది. ఎందుకు వెనక్కి తీసుకున్నారో కారణం రాయమని యంత్రం అడిగింది. 'అవ్వ అడుగుతుంది' అని రాశాను.