ఏమీ మొలవని ప్లేటు

1961 ఆగస్టు 9, బుధవారం. ధారూర్‌లో రైలెక్కి వికారాబాద్‌లో దిగాను. నేను ల్యాబులో పనిచేసే దవాఖానా గేటు దగ్గరే కాంపౌండరు ఆపాడు.

"సారు పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే గుండె ఆగింది."

"ఏ సారు?" అన్నాను. మాకున్నది ఒక్క ల్యాబు సారే. అయినా అడిగాను.

నిన్న సాయంత్రమే ఆయన తాండూరు వెళ్లి, అక్కడి హాస్టలు వంటామె మలం నమూనా స్వయంగా తెచ్చారు. హాస్టలు పిల్లలకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం లేని మనిషి పేగుల్లోనూ ఆ సూక్ష్మజీవి దాగి ఉండగలదు కనుక అనుమానం ఆమె మీదికి పోయింది. తేలేదాకా ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు.

పోయిన వారం ఆమే డబ్బాలో నమూనా తెచ్చింది. సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ పోసిన ప్లేటు మీద దాన్ని గీసి, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టాం. మర్నాడు ఆమె ఫలితం కోసం వచ్చినప్పుడు చూస్తే ఏమీ మొలవలేదు.

"పురుగు లేదు సార్, రాసేయనా?" అన్నాను సంబరంగా.

"జర ఆగు. మామూలు పురుగులు అందరి కడుపుల ఉంటయి గద. గవి ఎటు పోయినయి?" అంటూ ఆమె వైపు తిరిగారు. "డబ్బ దేంతోటి కడిగినవమ్మా?"

"ఫినాయిల్ పోసి కడిగిన సారూ. మీ చేతికియ్యాలంటే సిగ్గయింది."

"నా ఇజ్జత్ కాపాడబోయి వాటి పానం దీసినవ్ గద!" ఆయన నవ్వితే ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మంచి మాట దొరికితే వదలలేని జబ్బు నాకు. ఒకసారి రిపోర్టులో 'స్వచ్ఛం' అని రాశాను. ఆయన కొట్టేసి 'కనిపించలేదు' అని రాయించారు. "రెండూ ఒకటి కాదు బిడ్డా" అన్నారు. ప్లేటు మూత తీసినప్పుడు, నోటి తుంపరలు దాని మీద పడకుండా, మాట మధ్యలో ఆపేసేవారు. మూసి, ఆపిన చోటి నుంచే అందుకునేవారు. అలాంటి మనిషి మాట ఇక వినపడదంటే నాకింకా నమ్మకం కుదరడం లేదు.

ఆయన ఇంటికి వెళ్లి పాదాలకు దండం పెట్టి ల్యాబుకు వచ్చాను. నిన్న తెచ్చిన నమూనా, సూక్ష్మజీవులు చావకుండా కాపాడే ద్రవంలో, చిన్న సీసాలో ఉంది. ఇంకా ఆలస్యమైతే పనికిరాదు. కొత్త ప్లేటు మీద నేనే గీశాను. రెండో గీత వంకర పోయింది.

ఫలితం కోసం వచ్చిన వంటామె సాయంత్రం దాకా బయట బల్ల మీదే ఉంది. "సారు లేకపాయె. ఇగ నాకెవరు చెప్తరు బిడ్డా?"

"నేను చెప్త అమ్మా. రేపు రా."

రేపు మొదటి రైలుకే ల్యాబుకు రావాలి. ముందు గులాబీ రంగు మొలకలున్నాయేమో చూడాలి. అవి మామూలువి, ఉంటే ఈసారి నమూనా బతికే ఉన్నట్టు. తర్వాత రంగులేనివి వెతకాలి, టైఫాయిడ్ పురుగు అలాగే మొలుస్తుంది. ఒక్కటి దొరికినా, ఆ పురుగును గుర్తుపట్టే సీరంతో పరీక్షించేదాకా టైఫాయిడ్ పేరెత్తకూడదు. ఏది మొలిచినా, హాస్టలుకు కబురు పంపేముందు ఆమెను లోపలికి పిలిచి చూపించాలి.