ఆర్లిస్ వేళ్లు

మా ఊరి పశువుల సంతలో ఏళ్ల తరబడి వేలం వేసింది వెర్లిన్. అతను గొంతు విప్పితే ధర పరుగెత్తాల్సిందే. ఎత్తు బల్ల మీద పక్కనే భార్య ఆర్లిస్ కూర్చుని ఎవరెంత పాడారో రాసుకునేది. ఆ గోలలో అతనికి అంకె జారిపోతే వేళ్లు చాపి అందించేది. అతను వేలం వేసిన చివరి రోజుల్లో ఆ వేళ్లకు తీరికే లేదు. మా దూడల్ని అమ్మిన రోజు నేనూ చూశాను. వయసైపోయిందిలే అనుకున్నాను, నా బుద్ధి అంతే మరి.

కూతురి పోరు పడలేక ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. మతిమరుపు జబ్బును ముందే పసిగట్టేందుకు అక్కడ కృత్రిమ మేధతో పనిచేసే యంత్రం పెట్టారు. అది ప్రశ్నలడిగి, మనిషి ఏ మాట కోసం తడుముకున్నాడో విని డాక్టరుకు చెబుతుంది. దానికి చెవులే గానీ కళ్లు లేవు. నర్సు యంత్రం పెట్టి బయటికెళ్లింది. ఇది ఏ నెల అని అడగగానే వెర్లిన్ అలవాటుగా ఆర్లిస్ చేతి వంక చూశాడు. ఆమె వేళ్లు లేచాయి. జవాబు అంకె కాని చోట చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. వేలం బల్ల దిగితే మనిషి బతకడని ఆమె భయం. అంతా బాగుందని యంత్రం తేల్చింది. డాక్టరూ నమ్మాడు.

ఏడాది తిరక్కుండానే వెర్లిన్ సంత నుంచి ఇంటికి దారి మరిచిపోయి, ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య బండిలో కూర్చుని దొరికాడు. ఈసారి ఆర్లిస్‌ను గది బయట కూర్చోబెట్టి పరీక్ష చేశారు. జబ్బు ముదిరిందని తేలింది. తొలి దశలో దాన్ని నెమ్మదించేలా చేసే మందు ఉందట, ఇప్పుడు ఇచ్చి లాభం లేదట. పోయినసారి యంత్రం ఎందుకు పసిగట్టలేకపోయిందా అని డాక్టరు తల పట్టుకుంటే, ఆర్లిస్ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ఆమెను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదని మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

ఆ రోజు ఆస్పత్రి నుంచి తిరిగి వస్తుంటే బండిలో వెర్లిన్ ఆర్లిస్ వైపు తిరిగాడట.

"అన్నీ తప్పులే చెప్పానే, నీ పరువు తీశాను" అన్నాడట.

"తప్పు నీది కాదయ్యా, నాది" అంది ఆర్లిస్.

అతను ఆమె చెయ్యి పట్టుకుని ఓదార్చాడట. "నీదెందుకవుతుందే? నువ్వెప్పుడూ సరిగ్గానే అందించావు."