టీవీలో పాఠం, బడిలో లెక్కలు

చౌడేశ్వరి టీచరు లెక్కలు చెబుతుంటే సోమందేపల్లె రోడ్డు మీద బస్సు కోసం నిలబడినవాళ్లకు కూడా వినబడేది. 2004లో ఆ గొంతు పోయింది. గొంతులో చిన్న కాయలు కట్టాయనీ, కొన్నాళ్లు గట్టిగా మాట్లాడకూడదనీ అనంతపురంలో డాక్టరు చెప్పాడు. బడిలో లెక్కలకు ఆమె తప్ప మరొకరు లేరు. అందుకని సెలవు పెట్టలేదు.

ఊళ్లో కేబుల్ నడిపే కుళ్లాయప్ప ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"ఆదివారం మా గదికి రాండి మేడమ్. పెండ్లిండ్లకు తీసే కెమెరా ఉండాది. మైకు పెడతా, మెల్లగా చెప్పండి. సాయంత్రం సినిమాకు ముందర వేస్తా," అన్నాడు.

అట్లా పాఠం టీవీకి పోయింది. టీవీ లేని పిల్లలు పక్కిళ్ల గడపల్లో కూర్చుని చూసేవారు. కరెంటు పోతే కుళ్లాయప్ప మర్నాడు పొద్దున్నే మళ్లీ వేసేవాడు. బడిలో ఇక లెక్కలు చేయడమే. పిల్లలు గుంపులుగా కూర్చుని చేస్తుంటే ఆమె మధ్యలో తిరిగేది.

ఒకరోజు ఎనిమిదో తరగతి భారతి వాళ్లమ్మ ఆంజినమ్మ చెనిక్కాయలు ఒలిచే పని మానుకుని బడికొచ్చింది.

"ఏం టీచరమ్మా, పాఠం టీవీ చెప్తే మీరు ఈడ ఏం చేస్తాండారు?"

చౌడేశ్వరి గొంతు తాకి చూపించి, బెంచీ మీద కూర్చోమని సైగ చేసింది. అప్పుడే భారతి పక్కపిల్లకు లెక్క చెబుతోంది.

"ఎక్స్‌కు ఐదు కలిపితే పన్నెండు. ఐదు ఆ పక్కకు పోతే మైనస్ అయితాది."

"ఎందుకు అయితాది?"

"అంతే. మేడమ్ చెప్పినారు."

చౌడేశ్వరి ఆగిపోయింది. పరీక్షల్లో భారతికి ఎప్పుడూ మంచి మార్కులే. చౌడేశ్వరి ఆ పిల్ల పక్కన కూర్చుని పలక మీద తక్కెడ గీసి, ఒక తట్టలో ఎక్స్, ఐదు గీతలు, రెండో తట్టలో పన్నెండు గీతలు పెట్టింది. రెండు తట్టల్లోంచీ ఐదేసి చెరిపింది. భారతి మిగిలిన గీతలు లెక్కపెట్టింది.

"అయితే ఐదు ఆ పక్కకు పోనే లేదు మేడమ్. రెండు పక్కలా తీసేసినాం."

ఆంజినమ్మ లేచింది. "గొంతు బాగలేదని చెప్పింటే నేను అడిగేదాన్ని కాదు కదమ్మా," అని వెళ్లిపోయింది.

అందరూ అలా ఊరుకోలేదు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు తమ పిల్లలను ప్రైవేటు బడికి మార్చారు. గొంతు రాగానే మామూలుగా పాఠం చెప్పమని హెడ్మాస్టరు శ్రీరంగప్ప అడిగాడు. ఆమె సరేనంది. ఏడాది చివరి ఫలితాలు అంతకుముందు లాగే ఉన్నాయి.

ఎండాకాలంలో గొంతు వచ్చింది, కొంచెం సన్నగా. జూన్‌లో బోర్డు దగ్గర నిలబడి పాఠం మొదలుపెట్టింది. పిల్లలు నిశ్శబ్దంగా రాసుకుంటున్నారు. ఎవరికేం అర్థమవుతోందో ఆమెకు తెలియలేదు. మధ్యలోనే ఆపేసింది. ఆదివారం మళ్లీ పాఠం తీయించడానికి కుళ్లాయప్ప గదికి వెళ్లింది. ఈసారి శ్రీరంగప్ప అడ్డు చెప్పలేదు.

మూడు నాలుగేళ్ల తర్వాత కుళ్లాయప్ప కేబుల్ అమ్మేశాడు. కొత్తవాళ్లు ఆ సమయంలో నగల దుకాణాల ప్రకటనలు వేశారు. అప్పటినుంచి చౌడేశ్వరి లెక్కల పుస్తకంలో రెండు పేజీలు ఇంట్లో చదువుకుని రమ్మనేది. చదవకుండా వచ్చినవాళ్లను తిట్టేది కాదు. వరండాలో కూర్చుని చదివి వచ్చాకే లెక్క ఇచ్చేది.